ఉప్పెన ఒక్క పూటలో పోయింది... ఉప్పు పోవడానికి ఏళ్లు పట్టింది

అవనిగడ్డ: దివిసీమలో పెద్ద వయసు వారిని ఎప్పుడు పుట్టారని అడిగితే చాలామంది సంవత్సరం చెప్పరు. "ఉప్పెనకు ముందు" అనో, "ఉప్పెన తర్వాత" అనో చెబుతారు. పెళ్లిళ్లకు, పంపకాలకు, ఇళ్లు కట్టుకున్న కాలానికి అన్నిటికీ అదే కొండగుర్తు. 1977 నవంబరు 19వ తేదీ, శనివారం. ఆ సాయంత్రం సముద్రం దివిసీమ మీదికి నడిచి వచ్చింది. వచ్చిన నీరు త్వరలోనే వెనక్కు తీసింది. కాని ఆ నీరు చేసిన గాయం మనుషులకు ఒక తీరుగా, భూమికి ఒక తీరుగా, అడవికి మరో తీరుగా మానింది. ఈ మూడింటిలో ఏది ఎలా కోలుకుందో, ఇంకా ఏది కోలుకోవలసి ఉందో తీరగ్రామాల వారు ఒకసారి నెమరు వేసుకోవడం అవసరం. ఎందుకంటే ఆ రోజును కళ్లారా చూసిన తరం క్రమేణా తగ్గిపోతున్నది.

కేంద్రం చీరాల వద్ద... నీరు దివిసీమ మీద

పులిగడ్డ వద్ద కృష్ణానది రెండు పాయలుగా చీలుతుంది. ఆ పాయలకు, సముద్రానికి మధ్య ఉన్న నేలే దివిసీమ. నది తెచ్చిన ఒండ్రుతో ఏర్పడిన భూమి కనుక బంగారం పండుతుంది. అదే కారణంగా సముద్ర మట్టానికి ఎంతో ఎత్తున ఉండదు. ఎత్తయిన గుట్ట గాని, రాతి నేల గాని లేవు. సముద్రం పొంగితే పరుగెత్తి ఎక్కడానికి చెట్టో, గుడో, బడో తప్ప వేరే ఆధారం లేదు.

ఆ ఏడు నవంబరు 12న ఒక తుపాను తమిళనాడులో నాగపట్నం వద్ద తీరం దాటి అక్కడ అపార నష్టం కలిగించింది. ఆ వెంటనే బంగాళాఖాతంలో మరొకటి పుట్టింది. మొదట పడమరగా సాగిన ఆ తుపాను తర్వాత ఉత్తరానికి మళ్లింది. నవంబరు 19 సాయంత్రం చీరాల సమీపంలో తీరం దాటింది.

తుపాను కేంద్రం చీరాల వద్ద దాటితే చచ్చింది దివిసీమ వారేమిటని నేటికీ చిన్నవారు అడుగుతూ ఉంటారు. దీనికి కారణం తెలుసుకోవడం మంచిది. మన సముద్రంలో తుపాను గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో సుడి తిరుగుతుంది. అందువల్ల కేంద్రానికి కుడి చేతి వైపున గాలి సముద్రం మీది నుంచి నేల మీదికి వీస్తుంది. ఎడమ చేతి వైపున నేల మీది నుంచి సముద్రం వైపు వీస్తుంది. కుడి వైపున ఉన్న ఊళ్ల మీదికి గాలి సముద్రాన్ని నెట్టుకు వస్తుంది. ఇక్కడ తీరం దగ్గర సముద్రం లోతు తక్కువ. నెట్టబడిన నీటికి కిందికి పోయే దారి లేక పైకి లేస్తుంది. చీరాలకు కుడి చేతి వైపున ఉన్నది దివిసీమ. అందుకే గాలి ఒకచోట దాటితే నీరు మరోచోట ముంచింది. తుపాను ఎక్కడ దాటుతుందన్న మాట ఒక్కటే విని, 'అది మన ఊరు కాదులే' అనుకోరాదని ఆనాడు నేర్చుకున్న పాఠం.

దీపావళి వెళ్లి వారం దాటిందో లేదో, సార్వా వరి కోతకు వచ్చిన రోజులవి. నీరు సుమారు 5 మీటర్ల ఎత్తున, అంటే మూడు నిలువుల లోతున మీదపడింది. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి తీరగ్రామాలు తుడిచిపెట్టుకుపోయాయి. తాటాకు ఇళ్లు నిలిచే ప్రశ్న లేదు. బతికిన వారిలో అనేకులు తాటిచెట్లను, తుమ్మచెట్లను కావలించుకుని రాత్రంతా గడిపిన వారే. చనిపోయిన వారిలో ఆడవారు, పిల్లలు ఎక్కువ. చెట్టు ఎక్కగలిగిన బలం ఉన్నవాడు బతికాడు, చంకన బిడ్డ ఉన్న తల్లి పోయింది. అధికారిక లెక్కల ప్రకారమే మృతులు సుమారు 10,000 మంది. అసలు సంఖ్య ఇంకా ఎక్కువని ఇక్కడి వారు చెబుతారు. పశువులకు లెక్కే లేదు.

నమ్మినవారు, నమ్మనివారు కలిసి మోశారు

తెల్లవారిన తర్వాత మొదటి కష్టం ఆకలి కాదు, దాహం. బావులు, చెరువులు ఉప్పునీటితోను, కళేబరాలతోను నిండిపోయాయి. దారులు తెగిపోయాయి. ముళ్లకంపలలో చిక్కుకున్న శవాలను తీయడానికి సొంత ఊరివారు మిగలని గ్రామాలు ఉన్నాయి. అంటువ్యాధులు రాకుండా టీకాలు వేయడం, శవాలను దహనం చేయడం, తాగునీరు చేర్చడం ఒకేసారి జరగవలసి వచ్చింది.

ఆనాటి రాష్ట్ర విద్యాశాఖ మంత్రి, అవనిగడ్డ శాసనసభ్యుడు మండలి వెంకటకృష్ణారావు సహాయ కార్యక్రమాలకు ముందు నిలిచారు. సినీనటులు ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలె పట్టి విరాళాలు పోగు చేశారు. రామకృష్ణ మఠం వచ్చింది, రాష్ట్రీయ స్వయంసేవక సంఘం వచ్చింది, క్రైస్తవ సంస్థలు వచ్చాయి, విజయవాడలోని నాస్తిక కేంద్రం వారూ వచ్చారు. దేవుణ్ణి నమ్మినవారు, నమ్మనివారు ఒకే వీధిలో పని చేశారు. ఎవరి శవాన్ని ఎవరు మోశారో అడిగిన వారు లేరు. దివిసీమ తిరిగి లేవడంలో ఇది మొదటి మెట్టు.

రెండవ మెట్టు ఇళ్లు. పూరిపాకల స్థానంలో సిమెంటు పైకప్పు ఇళ్లు వచ్చాయి. తీరం వెంబడి తుపాను షెల్టర్లు లేచాయి. ఎత్తయిన స్తంభాల మీద గట్టి గది, పైకి మెట్లు, కింద నీరు పోవడానికి ఖాళీ. మామూలు రోజుల్లో కొన్నిచోట్ల బడిగా, కొన్నిచోట్ల సమావేశ స్థలంగా పనికి వచ్చాయి. సముద్రం నుంచి ఊళ్లను కాచే కరకట్ట విలువ అప్పుడే అందరికీ తెలిసి వచ్చింది. తీరం పొడవునా సరుగుడు తోటలు పెంచారు.

కాని ఇల్లు కట్టినంత తేలికగా మనిషి కుదుటపడడు. గాలి కాస్త గట్టిగా వీచినా కునుకు పట్టని వారు, నల్లమబ్బు చూస్తే పిల్లలను చంకనేసుకుని పెద్దదారి వైపు నడిచే వారు ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఉన్నారు. భార్యాపిల్లలు పోయిన మగవారు, తల్లిదండ్రులు పోయిన పిల్లలు కలిసి కొత్త కుటుంబాలు అయ్యారు. పినతల్లి, మారుతండ్రి అన్న మాటలు అక్కడ ఎగతాళి మాటలు కావు.

చవిటి నేలకు మందు మంచినీరే

మనిషి తర్వాత భూమి సంగతి. సముద్రపు నీరు నిలిచిన పొలం ఎండితే పైన తెల్లగా ఉప్పు పేరుతుంది. అది కంటికి కనిపించే భాగం మాత్రమే. కనిపించని కీడు మట్టి లోపల జరుగుతుంది. ఉప్పులోని సోడియం బంకమట్టిని పట్టుకుంటే మట్టి రేణువులు విడిపోయి, తడిసినప్పుడు జిగురుగాను, ఎండినప్పుడు రాయిగాను మారుతుంది. నీరు లోపలికి ఇంకదు. విత్తనం మొలిచినా వేరు నీరు పీల్చలేదు. చేలో నీరు ఉండగానే మొక్క దప్పికతో ఎండిపోతుంది.

ఇలాంటి నేలకు అసలు మందు మంచినీరు. గట్లు గట్టిగా వేసి, పంట కాలువ నీరు పెట్టి, ఉప్పు కరిగిన తర్వాత ఆ నీటిని మురుగు కాలువలోకి వదలాలి. ఒకసారి కాదు, అనేకసార్లు. సోడియం పట్టిన నేలకు జిప్సం వేస్తే అందులోని కాల్షియం సోడియంను వదిలిస్తుంది. ఆ తర్వాత జీలుగ వంటి పచ్చిరొట్ట వేసి కలియదున్నితే మట్టి మళ్లీ గుల్లబారుతుంది. జీలుగ ఉప్పును కొంతవరకు తట్టుకుంటుంది కాబట్టే తీరప్రాంత రైతులు దాన్ని ఆశ్రయిస్తారు.

ఇక్కడ గమనించవలసినది ఒకటి ఉంది. కాలువ నీరు అందిన పొలం త్వరగా కోలుకుంటుంది. శివారు పొలం వెనకబడుతుంది. ఒకే ఉప్పెన, ఒకే ఉప్పు. అయినా కాలువకు దగ్గరగా ఉన్న రైతుకు, చివర ఉన్న రైతుకు కోలుకునే కాలం ఒకటి కాదు. పులిగడ్డ అక్విడక్టు మీదుగా దివిసీమకు వచ్చే నీరు పంటకు మాత్రమే కాదు, నేలను కడగడానికీ ఆధారమే. మురుగు కాలువ పూడితే కడిగిన ఉప్పు పోవడానికి దారి లేదు. కాబట్టి పంట కాలువ ఎంత ముఖ్యమో మురుగు కాలువ అంతే ముఖ్యం. ఈ మాట ఉప్పెన నాటిది మాత్రమే కాదు. వేసవిలో సముద్రపు పోటు మురుగు కాలువల గుండా పైకి ఎగదన్నే తీరగ్రామాలకు ఇది ఏటా అనుభవమే.

చేపముల్లు కాలువలతో చిగిర్చిన మడ

మూడవది అడవి. కృష్ణ సముద్రంలో కలిసే చోట మడ అడవులు ఉన్నాయి. తెల్లమడ, నల్లమడ, తిల్ల వంటి చెట్లు ఉప్పునీటిలోనే పెరుగుతాయి. మడచెట్టు చుట్టూ బురదలోంచి మేకుల మాదిరి పైకి లేచి ఉండేవి దాని ఊపిరి వేళ్లు. బురదలో గాలి ఆడదు కనుక చెట్టు వాటితో శ్వాసిస్తుంది. అల వచ్చినప్పుడు ఆ వేళ్లు, కాండాలు నీటి జోరును విరుస్తాయి. ఒండ్రును పట్టి ఉంచుతాయి. చేప పిల్లలకు, రొయ్య పిల్లలకు, పీతలకు అదే పురిటిల్లు. పీతలు పట్టి బతికే యానాదులకు, పాయల్లో వలవేసే మత్స్యకారులకు అదే అన్నపు కుండ. బావురు పిల్లి వంటి అరుదైన జంతువులకు కూడా నివాసం అదే.

అయితే ఈ అడవిని చాలాకాలం వంటచెరకు కిందనే లెక్క కట్టారు. వంతులవారీగా ఒక్కొక్క భాగాన్ని పూర్తిగా నరికారు. చెట్టు పోయిన చోట ఎండ తగిలి బురద కుంగింది. పల్లంలోకి పోటునీరు వచ్చేది గాని తిరిగి పోయేది కాదు. నిలిచిన నీరు ఎండకు ఇగిరి, సముద్రం కంటే ఉప్పన అయింది. ఉప్పునీటి చెట్టు కూడా బతకలేనంత ఉప్పు అది. వదిలేస్తే అదే పెరుగుతుందన్న మాట అక్కడ చెల్లలేదు.

1990 తర్వాతి దశకంలో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీశాఖ కలిసి కృష్ణా, గోదావరి మడ అడవుల్లో ఒక పద్ధతి అమలు జరిపాయి. నడుమ ఒక పెద్ద కాలువ తవ్వి, దానికి రెండు వైపులా ఏటవాలుగా చిన్న కాలువలు తీశారు. చేపముల్లు ఆకారం. పోటు వచ్చినప్పుడు నీరు ముల్లు కొసల దాకా వెళ్తుంది, ఆటు వచ్చినప్పుడు తిరిగి వచ్చేస్తుంది. ఉప్పు పేరుకోదు. ఆ కాలువల గట్ల మీద మడ మొక్కలు నాటారు. తీరగ్రామాల వారు సంఘాలుగా ఏర్పడి ఈ పనిలో పాల్గొన్నారు. పోటునీటికి దారి ఇస్తే చాలు, మిగిలిన పని చెట్టే చేసుకున్నది. అంతకు ముందే 1989లో ఈ ప్రాంతాన్ని కృష్ణా వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు.

పొలానికి, అడవికి వైద్యం ఒకటే కావడం గమనార్హం. రెండు చోట్లా నీరు రావాలి, వచ్చిన నీరు పోవాలి. నిలిచిపోయిన నీరే రెండింటికీ శత్రువు.

పదమూడేళ్లకే పరీక్ష

నేర్చుకున్నది నిజంగా నేర్చుకున్నామో లేదో తేల్చే రోజు తొందరగానే వచ్చింది. 1990 మే 9న అంతే తీవ్రమైన తుపాను కృష్ణానది ముఖద్వారం వద్దనే తీరం దాటింది. ఉప్పెన కూడా వచ్చింది. ఇళ్లు, తోటలు, పశువులు విపరీతంగా నష్టపోయాయి. కాని మృతులు సుమారు 1,000 మంది లోపే. అదీ చిన్న సంఖ్య కాదు, ప్రతి ప్రాణమూ ఒక కుటుంబమే. అయినా 1977తో పోల్చితే తేడా కొట్టవచ్చినట్టు కనిపిస్తుంది.

అంతకు ముందు శతాబ్దంలో 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరును ఉప్పెన ముంచినప్పుడు సుమారు 30,000 మంది పోయారని చరిత్ర. ఆనాడు హెచ్చరికే లేదు. 1977లో హెచ్చరిక ఉన్నా, నీరు ఇంత దూరం, ఇంత ఎత్తున వస్తుందని ఊరివారికి అర్థమయ్యేలా చెప్పిన వారు లేరు. వెళ్లడానికి గట్టి కప్పూ లేదు. 1990లో ఉపగ్రహం తీసిన చిత్రాలు ఉన్నాయి, మచిలీపట్నంలో రాడార్ ఉంది, లక్షల మందిని ముందే తరలించారు, తల దాచుకోవడానికి షెల్టర్లు ఉన్నాయి. అన్నిటికీ మించి, "కదలండి" అని చెప్పగానే దివిసీమలో మారుమాట్లాడిన వారు తక్కువ. పదమూడేళ్ల కిందటి రాత్రి అందరి కళ్లలో ఇంకా మెదులుతూనే ఉంది. హెచ్చరికకు విలువ తెచ్చింది ఆ జ్ఞాపకమే.

రొయ్య తెచ్చిన కలిమి, రొయ్య తెచ్చిన చిక్కు

ఆ తర్వాత దివిసీమ రూపురేఖలను మార్చింది రొయ్య. 1990 దశకం మొదట్లో టైగర్ రొయ్య మీద లాభాలు చూసి చవిటి భూములు, బాడవలు, కొన్నిచోట్ల వరి చేలు సైతం చెరువులయ్యాయి. 1994, 1995 సంవత్సరాల్లో తెల్లమచ్చల తెగులు వచ్చి చెరువులకు చెరువులు ఊడ్చుకుపోయాయి. అప్పు చేసి దిగిన చిన్నరైతు తేరుకోలేకపోయాడు. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు, సంప్రదాయ పద్ధతిలో సాగేవి తప్ప, తీర నియంత్రణ పరిధిలో రొయ్యల చెరువులు ఉండరాదని తీర్పు చెప్పింది. 2005లో తీర ఆక్వాకల్చర్ ప్రాధికార సంస్థ చట్టం వచ్చింది. 2009 తర్వాత వనామీ రకంతో సాగు మళ్లీ ఊపందుకున్నది.

రొయ్య వల్ల ఎన్నో ఇళ్లు నిలబడ్డాయన్నది నిజం. చవిటి భూమికి అది ఒక ఆదాయ మార్గం అన్నదీ నిజమే. కాని వరి చేను పక్కన ఉప్పునీటి చెరువు ఉంటే, పక్క రైతు ఏళ్ల తరబడి కడుక్కున్న నేలలోకి ఉప్పు మళ్లీ ఊరుతుంది. బావినీరు చప్పదనం పోగొట్టుకుంటుంది. ఆనాడు సముద్రం అడగకుండా తెచ్చిన ఉప్పును ఈనాడు మోటారు పెట్టి తోడి తెచ్చుకుంటే, కోలుకున్నామన్న మాటకు అర్థం ఉండదు. మడ పోయిన చోట చెరువు తవ్వితే నష్టం చెరువు యజమానిది ఒక్కడిదే కాదు, వెనక ఉన్న ఊరంతటిదీ. 1999 అక్టోబరు 29న ఒడిశాను పెనుతుపాను ముంచినప్పుడు మడ అడవి అడ్డుగా ఉన్న గ్రామాల్లో ప్రాణనష్టం తక్కువగా ఉన్నట్టు ఆ తర్వాత జరిగిన పరిశీలనలు తేల్చాయి.

మరోవంక ఎగువన ఆనకట్టలు కట్టిన కొద్దీ కృష్ణ సముద్రానికి చేర్చే ఒండ్రు తగ్గింది. ఒండ్రు రాని డెల్టా పెరగదు, అల కోతకు తరుగుతుంది. నది నిండుగా వచ్చినప్పుడు మాత్రం ముంపు తప్పడం లేదు. 2009 అక్టోబరులోనూ, 2024 సెప్టెంబరు మొదట్లోనూ ప్రకాశం బ్యారేజి నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు వచ్చినప్పుడు లంకగ్రామాల వారు ఎంత అవస్థ పడ్డారో చెప్పనవసరం లేదు. ఒకవైపు సముద్రం, ఒకవైపు నది. దివిసీమ వారు రెండు వైపులా కన్ను వేసి ఉంచవలసిందే.

జ్ఞాపకమే పెద్ద కరకట్ట

ఉప్పెన నీరు వచ్చి ఆగిన చోట మృతుల జ్ఞాపకార్థం స్తూపం నిలిపారు. ఏటా నవంబరు 19న అక్కడా, తీరగ్రామాల్లోనూ నివాళులు అర్పిస్తూనే ఉన్నారు. అయితే పూలదండతో పాటు ఆ రోజున చేయవలసిన పనులు మరికొన్ని ఉన్నాయి. సముద్రపు గాలికి ఇనుము తుప్పు పడుతుంది, సిమెంటు పెచ్చులూడుతుంది. దశాబ్దాల కిందట కట్టిన షెల్టరు ఈనాడు ఎంతమందిని మోయగలదో ఏటా చూసుకోవాలి. దాని తాళం ఎవరి దగ్గర ఉందో, దారి ఉందో లేదో, తాగునీరు ఉందో లేదో ఊరందరికీ తెలియాలి. కరకట్టకు ఎక్కడ గండి ఉందో తుపాను వచ్చిన రోజున కాక వేసవిలోనే తేల్చాలి. మురుగు కాలువల లాకుల తలుపులు పనిచేస్తున్నాయా అన్నది పోటు రాక ముందే చూడాలి. మడలో గొడ్డలి పడకుండా, చెరువు గట్టు పడకుండా గ్రామసంఘాలు కాపు కాయాలి. ఈ పనుల్లో కొన్ని అధికారులవి, కొన్ని పంచాయతీలవి, కొన్ని అచ్చంగా ఊరివారివి.

తర్వాతి తుపానుల్లో ప్రాణనష్టం తగ్గడం వల్ల కొత్త తరానికి ఒక ధైర్యం వచ్చింది. ఆ ధైర్యం మంచిదే. కాని 'ఏం కాదులే' అన్న ధీమాగా మారితే ప్రమాదం. ఉప్పెన చూసిన తాతలు, అమ్మమ్మలు ఇంకా కొందరు ఊళ్లలో ఉన్నారు. ఏ చెట్టు పట్టుకుని బతికారో, నీరు ఎటు నుంచి వచ్చిందో, ఏ గోడ మీద ఎంత ఎత్తుకు లేచిందో వారికి తెలుసు. ఆ మాటలు బడిపిల్లలకు చేరాలి. ఇల్లు కట్టడానికి ఏడాది పట్టింది. నేల కడగడానికి కొన్నేళ్లు పట్టింది. అడవి తిరిగి లేవడానికి ఇరవై ఏళ్లు పట్టింది. జ్ఞాపకం పోతే మాత్రం తిరిగి తెచ్చుకోవడానికి మరో ఉప్పెన కావాలి. ఆ ధర దివిసీమ ఒకసారి చెల్లించింది. రెండోసారి చెల్లించే పని లేకుండా చూసుకోవడం ఇప్పటివారి చేతిలో ఉంది.